ఉస్తాద్ లైసెన్సు

లైసెన్సు జిరాక్సు కావాలని సిస్టర్ రోసమ్మ అడిగినప్పుడు అంతోనయ్య జీపు కింద పడుకుని సైలెన్సర్‌కు ఇనుప తీగ చుడుతున్నాడు. ఇంట్లో ఉంది, రేపు తెస్తానని కింది నుంచే చెప్పాడు. మర్నాడు పెట్టెలో కనబడలేదన్నాడు. ఆ తర్వాత ఆమె మళ్లీ అడగలేదు. అడగకపోవడమే అతనికి కష్టమైంది. రోగులందరూ వెళ్లిపోయేదాకా ఆగి, మందుల గది గుమ్మం దగ్గర నిలబడి, తనకు లైసెన్సు లేదని, ఎప్పుడూ లేదని చెప్పాడు.

పినపాక దాటాక తారు రోడ్డు వదిలి అడవిలోకి పోతే రాళ్లవాగు వస్తుంది. అక్కడ కతోలిక సిస్టర్లు నడిపే చిన్న దవాఖానా ఉంది. అంతోనయ్య వయసులో ఉన్నప్పుడు దాని జీపుకు డ్రైవరుగా ఎక్కాడు. ఇప్పుడతనికి యాభై దాటాయి. పురుటి కేసులను, పాము కరిచిన వాళ్లను, జ్వరంతో స్పృహ తప్పిన పిల్లలను భద్రాచలం పెద్దాసుపత్రికి చేర్చింది అతని జీపే. డ్రైవింగ్ నేర్పినవాణ్ని ఇక్కడ ఉస్తాద్ అంటారు. చుట్టుపక్కల గూడేల నుంచి, తండాల నుంచి వెళ్లి మణుగూరు బొగ్గు టిప్పర్ల మీద, మిర్చి లారీల మీద, ఆటోల మీద బతుకుతున్నవాళ్లలో చాలామందికి అతనే ఉస్తాద్.

అంతోనయ్య ఒకప్పుడు ఎల్ఎల్ఆర్ తీసుకున్న మాట నిజమే. నేర్చుకునేవాడికి ముందుగా ఇచ్చే ఆ కాగితం ఆరు నెలలే చెల్లుతుంది. ఆలోగా బండి నడిపి చూపించి అసలు లైసెన్సు తెచ్చుకోవాలి. అతను పరీక్షకు వెళ్లాల్సిన రోజు పొద్దున్నే ఒక పురుటి కేసు వచ్చింది. ఆమెను భద్రాచలంలో దించి తిరిగి వచ్చేసరికి పొద్దు గూకింది. మంగీలాల్ హోటల్ ముందు బెంచీ మీద కూర్చున్న వాళ్లెవరో లైసెన్సు వచ్చిందా అని అడిగారు. వచ్చిందన్నాడు. వచ్చే వారం ఎలాగూ తెచ్చుకుంటాను కదా అనుకుంటూ అన్న మాట అది. తర్వాత వెళ్లలేదు. అడవి దారిలో అడిగేవాళ్లు లేరు. ఎప్పుడైనా ఎవరైనా ఆపినా వెనక సీట్లో మూలుగుతున్న మనిషిని చూసి పొమ్మనేవాళ్లు. ఏళ్లు గడిచేకొద్దీ పరీక్షకు వెళ్లడం ఇంకా కష్టమైంది. లైసెన్సు ఉన్నవాడు పరీక్షకు ఎందుకు వెళ్తున్నాడని అడిగితే ఏం చెప్తాడు?

సిస్టర్ రోసమ్మ గుంటూరు వైపు మనిషి. అతను చెప్పింది విని, మందు సీసాలు సర్దడం ఆపకుండానే అంది.

"అంతోనీ, మా పెద్ద మఠం వాళ్లు పాత జీపు తీసేస్తున్నారు. కొత్త బండి వేసవి అయ్యేలోపు వస్తుంది. కార్డు లేని మనిషికి దాని తాళం ఇవ్వడం నా చేతుల్లో లేదు. అప్పటికి తెచ్చుకుంటే నువ్వే డ్రైవరువి. లేకపోతే వాళ్లే వేరే మనిషిని పంపుతారు."

కాస్త ఆగి, ఈ సంగతి తను ఎవరికీ చెప్పనని కూడా అంది. ఆమె కోప్పడి ఉంటే బాగుండేదనిపించింది అతనికి.

ఇంటికి వచ్చి ముత్యాలమ్మతో చెప్పాడు. భార్యకు మొదటి నుంచీ తెలుసు. తెలిసినట్టు ఏనాడూ అనలేదు. అన్నం పెడుతూ, బండి పోతే ఆ ఇంట్లో అతను ఎట్లా కూర్చుంటాడో తను ఊహించలేకపోతున్నానని మాత్రం అంది.

ఎల్ఎల్ఆర్ కోసం జిల్లా కేంద్రానికి వెళ్లాడు. కంప్యూటర్ ముందు కూర్చుని రోడ్డు గుర్తులు గుర్తుపట్టాలి. గదినిండా కాలేజీ పిల్లలే. అతను అందరికన్నా ఆలస్యంగా, తప్పుల్లేకుండానే ముగించాడు. చిక్కు ఆ తర్వాత వచ్చింది. ఎల్ఎల్ఆర్ ఉన్నవాడు బండికి ఎర్రటి ఎల్ అక్షరం అంటించుకోవాలి. లైసెన్సు ఉన్న మనిషిని పక్కన కూర్చోబెట్టుకునే నడపాలి. సిస్టర్ ఆ విషయంలో గట్టిగా ఉంది. అప్పటిదాకా దవాఖానా జీపును ముట్టుకోవద్దంది. కేసులు వస్తే పినపాక నుంచి ఆటో పిలిపించసాగింది. జీపు ఇంజను పాడైందని అంతోనయ్య ఊళ్లో చెప్పుకున్నాడు.

పక్కన కూర్చోవడానికి ఎవరిని పిలవాలా అని వారం ఆలోచించాడు. తన దగ్గర నేర్చుకున్నవాళ్లు ఎంతమందైనా ఉన్నారు. కానీ హోటల్ బెంచీ మీద నోరు మూసుకుని ఉండగలిగినవాడు ఒక్కడే కనిపించాడు, భద్రు.

భద్రు పక్క తండావాడు. మణుగూరులో టిప్పర్ నడుపుతాడు. ముప్పై దాటాయి, ఇద్దరు పిల్లలు. అంతోనయ్య తన శిష్యులందరిలో ఎక్కువ తిట్టింది అతన్నే. స్టీరింగ్ చేతికి ఇవ్వకుండా ఒక వానాకాలమంతా జీపు వెనక నడిపించాడు. అడవి దారుల్లో బండి మలపడానికి చోటుండదు. చాలాదూరం వెనక్కే నడపాలి. కొమ్మలు తగిలి అద్దాలు ఎప్పుడో విరిగిపోయాయి. అందుకని నేర్చుకోవడానికి వచ్చినవాడు దిగి వెనక నడుస్తూ బండి రేకు మీద అరచేత్తో కొడతాడు. ఒక్కొక్కటిగా కొడుతుంటే రావచ్చని, రెండు వెంటవెంటనే కొడితే ఆగమని. అంతోనయ్య ఆ చప్పుడు వింటూ వెనక్కి వస్తాడు. భద్రు ఒకసారి రెండో దెబ్బ ఆలస్యంగా కొట్టాడు. వెనక చక్రం వాగు గట్టు దిగింది. పేషెంటు బంధువులందరి ముందు అంతోనయ్య అతని చెంప మీద కొట్టాడు.

ఆ భద్రు ఇంటికి వెళ్లి, చెప్పాల్సింది చెప్పాడు. భద్రు తల వంచుకుని విన్నాడు. విన్నంతసేపూ మంచం మీద కూర్చోలేదు.

"నా కారు ఉంది ఉస్తాద్. షిఫ్టు లేని పూట వస్త" అన్నాడు. ఇంకేమీ అడగలేదు.

భద్రు పాత కారొకటి కొనుక్కున్నాడు. దానికి ఎల్ అంటించి వాగు అవతల, మిర్చి కోత అయిపోయి ఖాళీగా ఉన్న కల్లాల వైపు నడిపేవాళ్లు. నడపడం కొత్త కాదు కనుక అంతోనయ్యకు ఆ పని హాస్యంగా ఉండేది. విశాలమైన చోటు కనుక వెనక్కి నడపాల్సిన పని పడలేదు. సీటు బెల్టు పెట్టుకోమని భద్రు అడిగే తీరు చూస్తే చిరాకు వచ్చేది. నోటితో చెప్పకుండా, తన బెల్టు తాను పెట్టుకుని ఊరుకునేవాడు. ఇది చూసైనా పెట్టుకుంటాడని.

తిరిగి వచ్చేటప్పుడు వాగు దగ్గర అంతోనయ్య కారు ఆపేవాడు. దిగి ఎల్ ఊడబీకి డాష్‌బోర్డులో పెట్టేవాడు. మొదటి రోజు భద్రు ఎందుకని అడగబోయి ఆగిపోయాడు. తనే తలుపు తీసుకుని దిగాడు. అంతోనయ్య ఒక్కడే ఊళ్లోకి నడుపుకుంటూ వచ్చి చర్చి పక్కన ఆపేవాడు. భద్రు వెనక ఎండలో నడుచుకుంటూ వచ్చి తన కారు తాను తీసుకుపోయేవాడు. అది రోజూ అలాగే జరిగింది. దిగమని అతను ఒక్కసారీ అనలేదు. అనాల్సిన అవసరం రాలేదు.

ఒకరోజు మంగీలాల్, భద్రు కారు నీ దగ్గర ఎందుకుందని హోటల్ నుంచే కేకేసి అడిగాడు. బెంచీ మీద నలుగురు ఉన్నారు.

"బ్రేకు గుంజుతుందంట. చూడుమన్నడు" అన్నాడు అంతోనయ్య, వచ్చి టీ గ్లాసు అందుకుంటూ.

సరిగ్గా అప్పుడే భద్రు చెమటతో, దుమ్ము కాళ్లతో వచ్చాడు. మంగీలాల్ అతన్ని వదల్లేదు. టిప్పర్ నడిపేటోనికి బ్రేకు సంగతి తెల్వదా అని ఎగతాళి చేశాడు.

"ఉస్తాద్ చెయ్యి పడితెనే నాకు నమ్మకం" అన్నాడు భద్రు. బెంచీ మీద వాళ్లు నవ్వారు. భద్రు కూడా నవ్వుతూ తాళం తీసుకున్నాడు. అంతోనయ్య టీ గ్లాసులోకి చూస్తూ కూర్చున్నాడు.

పరీక్ష రోజు వచ్చింది. ఆఫీసు వెనక మైదానంలో గుంజలు పాతి హెచ్ అక్షరం ఆకారంలో దారి కట్టారు. ముందుకు వెళ్లి, వెనక్కి నడిపి, పక్క గీతలోకి మలపాలి. కంచె బయట కుర్రాళ్లు, వాళ్లను తెచ్చిన డ్రైవింగ్ స్కూలు వాళ్లు నిలబడి ఉన్నారు. భద్రు కూడా వాళ్లలోనే ఉన్నాడు.

అంతోనయ్య ముందుకు చక్కగా నడిపాడు. చివర ఆపి రివర్స్ గేరు వేశాడు. వేసి, బ్రేకు మీద కాలు పెట్టి, తల కొంచెం పక్కకు వంచి కూర్చున్నాడు. బండి కదల్లేదు. కొంచెం ఆగి పరీక్ష పెట్టే ఇన్స్పెక్టరు కిటికీ దగ్గరికి వచ్చాడు. అంతోనయ్యకు కొడుకంత వయసు ఉంటుంది.

"పోనియ్యి పెద్దాయనా. ఎందుకు ఆపినవ్?"

"ఎనక ఎవరు లేరు సార్."

"అవ్, ఎవరు లేరు. అందుకే పొమ్మంటున్న."

 అంతోనయ్య చెవి ఇంకా వెనకే ఉంది. చప్పుడు లేకుండా వెనక్కి పోవడం అతను ఎప్పుడూ చేయలేదు. ఎప్పుడూ ఎవరో ఒకరు ఉన్నారు.

"జర మీరన్న ఎనకకు పోయి డిక్కీ మీద కొడుతుండ్రి సార్" అన్నాడు. "రెండు కొడితే ఆపుత."

ఇన్స్పెక్టరు అతని ముఖంలోకి చూశాడు. వేళాకోళం కాదని అర్థమై, నవ్వు ఆపుకోవడానికి చేతిలోని ప్యాడ్ వైపు తిరిగాడు. కంచె బయట వాళ్లు ఆపుకోలేదు.

"సార్, పెద్దమనిషికి క్లీనర్ కావాల్నంట" అన్నాడొకడు.

అద్దాలు ఉన్నాయి కదా, చూసుకుని రమ్మన్నాడు ఇన్స్పెక్టరు. అంతోనయ్య అద్దంలోకి చూశాడు. అందులో గుంజ ఎక్కడో దూరంగా, తలకిందులు కాకపోయినా తనకు అర్థం కాని పక్కన కనిపించింది. తలుపు తెరిచి, సగం బయటికి వంగి, కింద చక్రం చూసుకుంటూ వెనక్కి నడిపాడు. అవతలి పక్క గుంజలు ఒకదాని తర్వాత ఒకటి పడిపోయిన చప్పుడు విన్నాడు. అప్పుడు ఆపాడు.

వారం తర్వాత మళ్లీ రమ్మన్నారు.

 వాపసు వచ్చేటప్పుడు పాల్వంచ దాటాక భద్రు మెల్లగా, తప్పు తనదేనని అన్నాడు. అద్దాల సంగతి ముందే గుర్తు చేయాల్సిందట.

"నువ్వు నాకు గుర్తు చేసుడేందిరా" అన్నాడు అంతోనయ్య. "నీకు గేరు ఎక్కడుంటదో చూపించింది నేను."

"అవ్ ఉస్తాద్."

"మల్ల నాకే నేర్పనీకొస్తడట."

భద్రు కిటికీ బయటికి చూస్తూ కూర్చున్నాడు. వాగు వచ్చింది. అంతోనయ్య ఆపాడు. ఆ రోజైనా ఆపకుండా పోదామనుకున్నాడు, కానీ కాలు అలవాటుగా బ్రేకు మీదికి పోయింది. భద్రు దిగాడు. తలుపు గట్టిగా వేయలేదు. చప్పుడు కాకుండా దగ్గరికి నెట్టాడు.

మర్నాడు పొద్దున అంతోనయ్య తనే తండాకు నడిచి వెళ్లాడు. అద్దంలో చూసుడు చెప్పు అన్నాడు.  భద్రు కల్లంలో వెదురు గుంజలు పాతాడు. పక్కన కూర్చుని, గుంజ అద్దంలో ఎక్కడికి వచ్చినప్పుడు స్టీరింగ్ ఎంత తిప్పాలో చెప్పాడు. తిట్టలేదు. గుంజ పడిపోయినప్పుడల్లా తనే దిగి మళ్లీ పాతి వచ్చి కూర్చున్నాడు. తను ఇతనికి నేర్పిన రోజులు అంతోనయ్యకు గుర్తుకొచ్చాయి. ఇలా ఒక్క పూటైనా నేర్పలేదు. షిఫ్టు చేసి నిద్రలేకుండా వచ్చిన రోజు కూడా భద్రు అదే గొంతుతో చెప్పాడు. ఆ గొంతు విన్నకొద్దీ అతనికి తల ఎత్తడం కష్టమైంది.

రెండోసారి అతను పాసయ్యాడు. గుంజలు ఒక్కటీ కదల్లేదు. అదే ఇన్స్పెక్టరు, ఈసారి ఎవరూ కొట్టనక్కర్లేదా అని నవ్వి సంతకం పెట్టాడు. కొద్దిరోజులకు కార్డు పోస్టులో వచ్చింది. సిస్టర్ రోసమ్మ దాన్ని చూసి, మంచిదని చెప్పి తిరిగి ఇచ్చేసింది. ఆ ఆదివారమే కొత్త బండి వచ్చింది.

ఇక్కడి డ్రైవర్లలో ఒక పద్ధతి ఉంది. లైసెన్సు వచ్చినవాడు మొదటి ట్రిప్పులో తన ఉస్తాద్‌ను ముందు సీట్లో కూర్చోబెట్టుకుని ఊరి నడుమ నుంచి నడపాలి. దిగాక నలుగురిలో అతని భుజాల మీద కొత్త తువ్వాలు కప్పి కాళ్లు మొక్కాలి. అంతోనయ్య ఇంట్లో అలా వచ్చిన తువ్వాళ్లు ట్రంకు పెట్టె నిండా ఉన్నాయి. భద్రు కప్పింది కూడా అందులో ఉంది.

చర్చిలో పూజ అయ్యాక ఫాదర్ బండి మీద తీర్థం చల్లాడు. ఇన్నేళ్లుగా ఈ అడవిలో ఒక్క ప్రాణం పోకుండా నడిపిన చేతులకు తాళం ఇస్తున్నానని అందరూ వినేలా చెప్పి, తాళం అంతోనయ్య చేతిలో పెట్టాడు. జనం చప్పట్లు కొట్టారు. అతని దగ్గర నేర్చుకున్నవాళ్లు చాలామంది వచ్చారు. భద్రు షిఫ్టు దిగి నేరుగా వచ్చినట్టున్నాడు, బొగ్గు దుమ్ము బట్టలతో అందరి వెనకా నిలబడ్డాడు.

కొత్త బండి మొదటి ట్రిప్పులో ముందు ఎవరు కూర్చోవాలన్న మాట వచ్చింది. శిష్యుల్లో ఒకడు, మిర్చి లారీ నడిపేవాడు, నవ్వుతూ గట్టిగా అన్నాడు.

"ఉస్తాద్‌కు ఉస్తాద్ ఎవరున్నరని కూసోబెడ్తడు?"

అందరూ నవ్వారు. అంతోనయ్య కళ్లు వెనక వరసలోకి పోయాయి. ఇప్పుడు ఒక్క పేరు చెబితే చాలు. సిస్టర్ రోసమ్మ తన వైపే చూస్తోందని కూడా తెలుసు. అతను తాళం ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు.

"ఎవరుంటరు" అన్నాడు. అని, ఫాదర్ కోసం ముందు తలుపు తీశాడు.

బండి కదులుతుంటే భద్రు కూడా అందరితో కలిసి చప్పట్లు కొట్టాడు.

ఆ మధ్యాహ్నం అన్నం ముందు కూర్చుని అంతోనయ్య సరిగ్గా తినలేదు. ముత్యాలమ్మ కారణం అడగలేదు. చెయ్యి కడుక్కుని అతను ట్రంకు పెట్టె దగ్గరికి వెళ్తే మాత్రం మాట్లాడింది.

"వాండ్లిచ్చినవి ఇయ్యకు. కొత్తది కొనుక్కరా."

మర్నాడు మణుగూరు వెళ్లి తువ్వాలు కొన్నాడు. పినపాకలో కొంటే ఎవరికని అడుగుతారు. దాన్ని చిన్నగా మడిచి చొక్కా లోపల పెట్టుకున్నాడు. తండాకు వెళ్లే దారిలో ఏం చెప్పాలో అనుకుంటూ నడిచాడు. నిన్న చెప్పాల్సిన మాట నిన్ననే చెప్పలేకపోయాను, రా, హోటల్ దగ్గర అందరి ముందు కప్పుతా అని అందామనుకున్నాడు. ఆ మాటలు ఒకటికి రెండుసార్లు లోలోపల అనుకుని చూసుకున్నాడు.

భద్రు వాకిట్లో పిల్లకు తల దువ్వుతున్నాడు. అంతోనయ్య చొక్కాలోంచి తువ్వాలు తీయడం చూసి ఒక్కసారిగా లేచాడు. పక్కింటి అరుగు మీద ముగ్గురు ఆడవాళ్లు కూర్చుని ఉన్నారు. భద్రు వాళ్ల వైపు చూసి, తువ్వాలు మీద అరచెయ్యి పెట్టి కిందికి అణిచాడు.

"లోపలికి రా ఉస్తాద్. ఎవరన్న జూస్తరు."

అంతోనయ్య లోపలికి నడిచాడు. అనుకున్న మాటలు అనడానికి అదే సమయం. భద్రు తలుపు దగ్గరికి వేసేదాకా నిలబడి చూశాడు. గదిలో మసక వెలుతురు. అంతోనయ్య తువ్వాలు విప్పి భద్రు భుజాల మీద కప్పాడు. ఒక కొస జారింది. భద్రు దాన్ని సర్దుకున్నాడు. అంతోనయ్య మొక్కడానికి వంగబోతే రెండు చేతులూ పట్టుకుని ఆపి, తనే వంగి అతని కాళ్లకు మొక్కాడు.

"ఇది తప్పురా" అన్నాడు అంతోనయ్య. ఏది తప్పో చెప్పలేదు.

"ఏం గాదు."

భద్రు తువ్వాలు తీసి, అంగడిలో మడిచిన మడతలు చెడకుండా మడిచి, బట్టల పెట్టెలో అడుగున పెట్టాడు. పైన భార్య చీర కప్పాడు. తర్వాత తలుపు కొంచెం తీసి, అరుగు వైపు, వీధి వైపు చూశాడు. ఆడవాళ్లు నీళ్లకు లేచి వెళ్లేదాకా ఇద్దరూ తలుపు వెనక నిలబడ్డారు.

"ఇగ పో ఉస్తాద్" అన్నాడు భద్రు. "ఎవరు లేరు."

అంతోనయ్య తల వంచి గుమ్మం దాటాడు. చెప్పుల కోసం వెతుక్కున్నాడు. అవి వాకిట్లో, వీధిలోకి కనబడేటట్టు పడి ఉన్నాయి. వాటిని తొడుక్కుని, ఎవరూ లేని వీధిలోంచి గబగబా నడిచి వెళ్లాడు.